మొదటి గ్లాసు

ఆ వానాకాలం మా ఇంట్లో అందరికీ నోరుంది, నాకు తప్ప. నా నోరు ఎవరూ నొక్కలేదు, నేనే కుట్టేసుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. కానీ వరసగా చెబుతాను. ముందు వాళ్ళ మీద మండిన మంట కూడా తక్కువదేం కాదు, దాన్ని తగ్గించి చెప్పే ఉద్దేశం నాకు లేదు.

మా ఆయన ఏసీ మెకానిక్. ఎండలున్నన్నాళ్ళూ తిండికి కూడా తీరిక ఉండదు. వానలు పడ్డాయంటే ఫోను మోగదు. ఆ ఏడు వానలు ముందే దిగాయి, దిగినవి పోలేదు. మొదటి వారమంతా నిద్రపోయాడు. రెండో వారం ఇంట్లో ఉన్న కుళాయిలన్నీ విప్పి బిగించాడు, బాగున్నవి కూడా కారడం మొదలెట్టాయి. మూడో వారం మా వదిన మొగుడు వచ్చాడు. వదినంటే మా ఆయన అక్క. ఆవిడ మొగుడికి ఫోనులో వీడియోలు చూడటమే పని. పంటినొప్పి నుంచి పైకప్పు కారడం దాకా దేనికైనా ఆయన దగ్గర ఒక వీడియో ఉంటుంది. అందుకే వెనకాల అందరం వీడియో బావ అంటాం.

"ఒరేయ్, ఇంట్లోనే బ్రాందీ చేసుకోవచ్చు, తెలుసా? ఏ అనుభవం లేనివాళ్ళకి కూడా వస్తుందట. పదమూడు నిమిషాల వీడియో," అన్నాడు చెప్పులు కూడా విడవకుండా.

"నా వంటింట్లో సారా కాస్తారా?" అన్నాను నేను.

"సారా కాదు, బ్రాందీ," అన్నారిద్దరూ ఒక్కసారే. వాళ్ళ జీవితంలో అంత ఏకాభిప్రాయం ఎప్పుడూ కుదరలేదు.

"పట్టుకుంటే జైల్లో వేస్తారు."

"మనమేమన్నా అమ్ముకుంటున్నామా? ఇంట్లోకే కదా!" అన్నాడు మా ఆయన. ఇంట్లోకే అంటే నేరం నేరం కాకుండా పోతుందన్నట్టు.

ఆ సాయంత్రమే రెండు బుట్టల ద్రాక్ష తెచ్చారు. వానకి పగిలిపోయి, మార్కెట్లో ఎవరూ కొనకుండా పడున్న సరుకు. నేను నీళ్ళు పట్టుకునే నీలం డ్రమ్ములో వేసి, పిసికి, పంచదార, ఈస్టు కలిపి గుడ్డ కట్టారు. మూడోరోజుకి ఇల్లంతా పులిసిన కంపు. పదోరోజుకి ఆ కంపు నా చీరలకి పట్టుకుని నాతోపాటు ఉద్యోగానికి వచ్చింది.

నా ఉద్యోగం సంగతి ఇక్కడే చెప్పాలి. నేను కాలేజీ కెమిస్ట్రీ లాబ్‌లో అసిస్టెంటుని. చేరి పద్దెనిమిదేళ్ళు. ఏటా స్వేదనం పాఠం వస్తుంది. అంటే ద్రవాన్ని కాచి ఆవిరి చేసి, ఆ ఆవిరిని చల్లార్చి మళ్ళీ చుక్కలుగా పట్టుకోవడం. పాఠం చదివేది లెక్చరరు. స్టాండు నిలబెట్టి, గాజు గొట్టాలు బిగించి, చన్నీళ్ళు కిందనుంచి పైకి పంపి, మంట సరిచేసి, ఒక్కో బల్ల దగ్గరా నిలబడి "మొదట వచ్చేది పారబొయ్యండి, చెత్తంతా అందులోనే ఉంటుంది" అని చెప్పేది నేను. ఆ ఒక్క మాట ఎన్ని వేలసార్లు అన్నానో లెక్కలేదు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

అలాంటిది నా పొయ్యి మీద, నా కుక్కర్లో, నా ఇంట్లో స్వేదనం జరుగుతుంటే నన్నొక్క మాట అడగాలని మా ఆయనకి తోచలేదు. పద్దెనిమిదేళ్ళలో "ఇవాళ లాబ్‌లో ఏం చేశావు" అని అడిగిన పాపాన పోలేదు లెండి, ఇప్పుడు మాత్రం ఎందుకు తోస్తుంది?

నేనంతట నేనే ఒకసారి కల్పించుకున్నాను. పాత ఏసీలోంచి పీకిన రాగి గొట్టాన్ని చుట్టలు చుట్టి బకెట్లో పెట్టారు. కుక్కరు విజిలు పెట్టేచోటికీ దానికీ మధ్య ఒక రబ్బరు ట్యూబు.

"ఆ రబ్బరు తీసెయ్యండి, వేడికి మెత్తబడి ఊడిపోతుంది. చన్నీళ్ళు కూడా పైనుంచి కాదు పొయ్యాల్సింది..." అంటున్నాను.

మా ఆయన నవ్వాడు. కోప్పడినా బాగుండేది. "గాజుసామాను కడుక్కునేదానివి, నీకెందుకు ఇవన్నీ? ఇది కూలింగు పని. కూలింగు నా సబ్జెక్టు."

వీడియో బావ కూడా నవ్వాడు. కిటికీ దగ్గర కూర్చుని ఎవరిదో బండి నంబరు ప్లేటు రాస్తున్న మా మామయ్య మాత్రం నవ్వలేదు. ఆయన యాభై ఏళ్ళు దుకాణాలకి బోర్డులు రాసిన పెయింటరు. రంగులూ టర్పెంటైనూ పీల్చీ పీల్చీ ముక్కు ఎప్పుడో చచ్చుబడింది. చెయ్యీ కన్నూ మాత్రం చెక్కుచెదరలేదు. డెబ్భై ఆరేళ్ళ వయసులో స్కేలు లేకుండా గీత గీస్తే స్కేలు పెట్టి చూసినా వంకర దొరకదు. ఆ ఇంట్లో నేనొచ్చిన దగ్గర్నుంచీ ఏదైనా మొదటిది ఆయనకే. మొదటి కాఫీ, కోసిన పండులో మొదటి ముక్క, కొత్త కుండలో మొదటి గ్లాసు మంచినీళ్ళు. అందించేది నేనే.

"అమ్మాయిని అడగండిరా. తనకి ఆ పని తెలిసినట్టుందే," అన్నాడాయన, కుంచె ఎత్తకుండానే.

"వీడియోలో మొత్తం ఉంది మామయ్యా," అన్నాడు బావ.

వీడియోలో మొత్తం ఉండే ఉంటుంది, నేను కాదనను. కానీ వీళ్ళు చూసే పద్ధతి నేను చూశాను. అవతలివాడు నోరు తెరిచి జాగ్రత్తలు మొదలెట్టగానే "సోది" అని వేలితో ముందుకు తోసెయ్యడమే. పదమూడు నిమిషాల వీడియోని నాలుగు నిమిషాల్లో ముగించారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. తడిచేతులు చీరకి తుడుచుకుని అవతలికి వచ్చేశాను. అడిగితేగానీ చెప్పను, కాళ్ళు పట్టుకుని అడిగితేగానీ చెప్పను అని ఒట్టు పెట్టుకున్నాను. గాజుసామాను కడుక్కునేదాన్ని కదా, కడుక్కుంటాను.

మొదటి ఆదివారం కుక్కరు నిండా పోసి మంట పెంచారు. నురుగు పొంగి గొట్టంలోంచి ఎగజిమ్మి వంటింటి కప్పుకి ఊదారంగు మచ్చ పడింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. నవ్వు ఆపుకోవడానికి నాలుక కొరుక్కోవాల్సి వచ్చింది.

రెండో ఆదివారం అతుకు దగ్గర ఆవిరి లీకైంది. పిండిముద్ద మెత్తి మూశారు. ఎండిన పిండి పగిలింది, పగులులోంచి వచ్చిన ఆవిరికి కింద మంట అంటుకుంది. అతుకు చుట్టూ నీలంగా, కనీకనపడకుండా ఒక మంట. ఇద్దరూ గుడ్లప్పగించి చూస్తున్నారు. నేనే వెళ్ళి గ్యాసు కట్టేసి, తడిగోనె కప్పి, కిటికీలు తెరిచాను. ఒక్క మాట మాట్లాడలేదు.

"భయపడకు, అంతా కంట్రోల్లోనే ఉంది," అన్నాడు మా ఆయన నాతో.

నాతో! ఆ కుక్కరు తీసి నెత్తిన బోర్లిద్దామా అన్నంత కోపం వచ్చింది. ఆ రాత్రి వంట చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదని కూడా ఎవరూ అడగలేదు, కుక్కరు ఖాళీ లేదు కాబట్టి అనుకున్నారు.

ఆ తర్వాత వారమంతా మా ఆయన మేడమీదే ఉన్నాడు. రబ్బరు తీసేసి ఇత్తడి నట్లు పెట్టాడు, టంకం వేశాడు. రబ్బరు తీసెయ్యాలన్న బుద్ధి తనకే పుట్టినట్టు బావతో ఫోనులో చెప్పుకుంటుంటే విన్నాను. నేను కాలేజీకి వెళ్ళాక మేడమీద ఇంకేం చేశాడో నాకు తెలియదు. ఈ మాట గుర్తుంచుకోండి, నిజంగానే తెలియదు.

మూడో ఆదివారం పొద్దున్నే బావ కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు, పెళ్ళికొచ్చినట్టు. ఈసారి మంట సన్నగా పెట్టారు. అతుకు పట్టింది. బకెట్లో నీళ్ళు చల్లగా ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయని గుమ్మంలోంచి ఒక్కచూపుతో నాకు తెలిసిపోయింది. ఇవాళ వస్తుంది. వచ్చినదాన్ని వచ్చినట్టే గ్లాసులో పడతారు.

చెప్పొచ్చు. అయిదు మాటలు కూడా అక్కర్లేదు. కానీ నా బుర్రలో ఇంకో ఆలోచన పుట్టింది, అది నాకెంత తియ్యగా అనిపించిందో దాచుకోను. తాగనీ. మొదటి గ్లాసు మా ఆయనే తాగుతాడు. తల పగిలిపోతుంది, కడుపులో తిప్పుతుంది, రెండ్రోజులు మంచం మీద దొర్లుతాడు. అప్పుడొచ్చి అడుగుతాడు, ఏమిటిది, ఎందుకిలా అయింది అని. అప్పుడు చెబుతాను, తాపీగా, కుర్చీలో కూర్చుని.

బట్టల బకెట్ తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. వాన తెరిపిచ్చింది. లోపలి నుంచి చప్పట్లు వినిపించాయి. పడింది చుక్క అనుకున్నాను. దుప్పటి బండమీద వేసి బాదుతున్నాను, హుషారుగా. ఆ వానాకాలం మొత్తంలో నేను కూనిరాగం తీసింది ఆ పావుగంటే.

అప్పుడు మా ఆయన గొంతు వినిపించింది. "నాన్నా, ఇలా రా. మొదటిది నీదే."

ఎలా మరిచిపోయానో నాకిప్పటికీ అర్థం కాదు. పద్దెనిమిదేళ్ళు పొద్దున్నే మొదటి కాఫీ పట్టుకెళ్ళి మామయ్య చేతికిచ్చినదాన్ని నేను. మిగతా ఎవరైనా మరిచిపోవచ్చు గానీ నేను మరవకూడదు. మొగుడి మీద కోపంలో ఆ ఇంట్లో మొగుడొక్కడే ఉన్నాడనుకున్నాను.

సబ్బుచేతులతో పరుగెత్తాను. గుమ్మం దగ్గర జారి గోడ పట్టుకున్నాను. అప్పటికే ఆయన ఖాళీ గ్లాసు బల్లమీద పెట్టి మూతి తుడుచుకుంటున్నాడు.

"గొంతులో గరగరలాడిందిరా. వాసన ఎలా ఉందో మీరే చెప్పాలి, నాకు తెలీదుగా," అన్నాడు నవ్వుతూ.

"ఇంక తాగకండి మామయ్యా," అన్నాను.

"ఏం?" అన్నాడు మా ఆయన, గీరగా.

అప్పుడైనా చెప్పి, మామయ్య చేత కక్కించి ఉండాల్సింది. చెప్పలేదు. తలనొప్పేగా, పెద్దాయన పడుకుంటే పోతుందిలే అనుకున్నాను. పౌరుషం కూడా అడ్డొచ్చింది. "వయసు కదా," అని ఊరుకున్నాను. వాళ్ళిద్దరూ తర్వాత పట్టినది తాగారు. వాళ్ళకేం కాలేదు.

సాయంత్రానికి మామయ్యకి వాంతులు మొదలయ్యాయి. తాగిన దానికేనని అందరం అనుకున్నాం, మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టాం. తెల్లారి నేను కాఫీ పట్టుకెళ్ళేసరికి ఆయన మంచం మీద కూర్చుని కిటికీ వైపు చూస్తున్నాడు.

"అమ్మాయ్, ఏంటి ఇంత మంచు కురుస్తోంది? ఎదుటి గోడ కూడా కనిపించట్లేదు," అన్నాడు.

బయట ఎండ కాస్తోంది. నెల రోజుల తర్వాత మొదటిసారి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగింది. ఏం పళ్ళు, ఎంత కాచారు, ఏ పాత్రలో. చివరికి "ఆ గొట్టాన్ని దేంతో కడిగారు?" అంది. మా ఆయన నీళ్ళు నమిలాడు.

"పాలిష్ స్పిరిట్ పోసి కడిగానండీ. వడ్రంగి దగ్గర తెచ్చాను. లోపల టంకం మట్టి ఉంటుందని... ఊది ఆరబెట్టాను కూడా."

"అన్ని చుట్టలున్న గొట్టం ఊదితే ఆరుతుందా? అడుగున నిలిచిపోయింది. మొట్టమొదట బయటికొచ్చింది అదే. తాగితే కళ్ళు పోతాయని డబ్బా మీద రాసి ఉంటుంది, చదవలేదా?"

మా ఆయన గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు. అయ్యో అని నేను పక్కకి వెళ్ళలేదు. స్పిరిట్ సంగతి నాకు తెలియదు, నిజమే. కానీ మొదటి గ్లాసు పారబొయ్యండి అని నేనొక్క మాట అనుంటే, ఆ స్పిరిట్ నాకు తెలిసినా తెలియకపోయినా తూములో పోయేది.

పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు మామయ్య. ప్రాణం దక్కింది. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంట్లో మనిషి అడ్డొస్తే నీడ తెలుస్తుంది, అంతే. ఆ పదకొండు రోజులూ చుట్టాలు వచ్చి మా ఆయన్ని తిట్టని తిట్టు లేదు. వీడియో బావ ఆ దరిదాపులకి రాలేదు. వదిన మాత్రం రోజూ వచ్చేది, వచ్చి నా చెయ్యి పట్టుకునేది.

"కాలేజీలో పనిచేస్తావు, నీకు తెలియకపోతుందా? పాపం, ఎంత మొత్తుకుని ఉంటావో. మా వాడు వింటేగా!" అనేది అందరి ముందూ.

నేను తల వంచుకునేదాన్ని. వాళ్ళు దాన్ని మంచితనం అనుకునేవారు. మా ఆయన కూడా కాదనలేదు. "అవునక్కా, నేను వినలేదు," అన్నాడొకసారి. రబ్బరు గొట్టం గురించి నేనన్నది గుర్తుంచుకుని, అన్నీ చెప్పాననే అనుకుంటున్నాడు. ఆ మాటకి నాకు ఏడుపు రావాలి. కోపమొచ్చింది. ఇన్నాళ్ళకి నాకు తెలుసని ఒప్పుకుంటున్నారా, ఇప్పుడా, ఇలాగా!

ఇంటికొచ్చిన నాలుగోరోజు మామయ్య నంబరు ప్లేటు ఒకటి ఒళ్ళో పెట్టుకుని అంచులు తడుముతూ కూర్చున్నాడు. కాఫీ అందిస్తుంటే నా మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వు వాళ్ళకి చెప్పావా అమ్మా, నిజంగా?"

ఆయన కళ్ళు నా మొహం మీద లేవు, కొంచెం పక్కకి ఉన్నాయి. అబద్ధమాడటం తేలికే.

"లేదు మామయ్యా."

"తెలీకా?"

"తెలుసు. మొదటిది పారబొయ్యాలని తెలుసు. మీ అబ్బాయి తాగుతాడనుకున్నాను. తలనొప్పొస్తుంది, బుద్ధొస్తుందనుకున్నాను. స్పిరిట్ సంగతి మాత్రం నిజంగా తెలీదు."

ఆయన నా మణికట్టు వదిలేశాడు. కాఫీ కూడా తీసుకోలేదు. ఆ చెయ్యి వదిలెయ్యడం నాకు తగలాల్సిన చోటే తగిలింది.

"వాడితో అనకు. నువ్వు చెప్పినా వినలేదనే అనుకోనీ. అలాగన్నా ఇకమీదట ఒకరి మాట వింటాడు," అన్నాడు చివరికి.

ఆయన మీద నాకు కోపం రాకూడదు. ఏ మొహం పెట్టుకుని వస్తుంది? అయినా వచ్చింది. ఇంట్లో ఎప్పుడూ ఇంతే, నేనేం మాట్లాడాలో ఏం మాట్లాడకూడదో ఇంకొకరు తేలుస్తారు. మొన్నటిదాకా నాకు తెలియదని తేల్చారు. ఇప్పుడు నేను చెప్పానని తేలుస్తున్నారు. రెండూ అబద్ధాలే, రెండో అబద్ధంలో నేను పుణ్యాత్మురాల్ని కూడానట.

"లేదు మామయ్యా, చెబుతాను," అన్నాను.

మేడమెట్లు ఎక్కాను. మా ఆయన ఒక్కడే కూర్చుని ఆ రాగి గొట్టాన్ని కట్టరుతో జానెడు జానెడు ముక్కలుగా కోస్తున్నాడు. గడ్డం మాసి ఉంది. నన్ను చూసి పని ఆపాడు.

నిలబడే చెప్పాను. ఒట్టు పెట్టుకున్నదీ, పెరట్లో బట్టలుతుకుతూ ఎదురుచూసిందీ, అతనికి తల పగలాలని కోరుకున్నదీ, ఏదీ దాచలేదు. గొంతు ఎక్కడా తగ్గించలేదు. "గాజుసామాను కడుక్కునేదాన్నన్నారు కదా!" అని అరిచాను కూడా. పక్కింటి మేడమీద బట్టలు ఆరేస్తున్నావిడ లోపలికి వెళ్ళిపోయింది.

తిడతాడనుకున్నాను. కట్టరు విసిరికొట్టినా ఆశ్చర్యపోయేదాన్ని కాదు. అతను చేతిలో ఉన్న రాగి ముక్కని తిప్పితిప్పి చూశాడు. ఒక చివర కన్ను పెట్టి లోపలికి కూడా చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. లాబ్‌లో మొదటిరోజు బల్ల దగ్గర నిలబడే పిల్లల్లాగా, మెల్లిగా అడిగాడు.

"ఎంత పారబొయ్యాలి?"

"ఒక్క గ్లాసు."

"అంతేనా?"

"అంతే," అన్నాను.